పంచదారలో పంచదార లేదన్న నీలి మందు

మా మేనత్తకు మధుమేహం ఉందని సామర్లకోటలో ఆమె తప్ప అందరూ ఒప్పుకున్నారు. తొంభైల నాటి మాట. కాలి బొటనవేలికి తగిలిన దెబ్బ ఎంతకీ మానలేదు. షుగరు తగ్గకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుందని కాకినాడ డాక్టరుగారు గట్టిగానే చెప్పి మాత్రలు రాశారు. వాటిని ఆమె కనీసం విప్పి చూడలేదు.

ఇంట్లో షుగరు కొలుచుకునే మీటర్లు అప్పటికింకా మా వీధి దాకా రాలేదు. బెనెడిక్ట్ ద్రావణమనే నీలి మందులో కొన్ని చుక్కల మూత్రం వేసి, గాజు గొట్టాన్ని స్పిరిట్ దీపం మీద మరిగించేవాళ్లు. నీలం అలాగే ఉంటే క్షేమం, ఇటుక రంగుకు తిరిగితే ప్రమాదం. అత్త గొట్టంలో రోజూ ఇటుకబట్టీయే.

"మందు పాడైపోయిందిరా" అనేది.

నేను ఊరూరా సభలు పెట్టి బాబాల విభూతి గుట్టు విప్పుతున్న రోజులవి. అత్తను ఒప్పించడం ఎంతసేపులే అనుకుని వెళ్లాను.

"ఒరేయ్ నాస్తికుడా, దేన్నైనా పరీక్షించాకే నమ్మాలంటావు కదా. మరి నీ మందుకి పరీక్ష ఉండద్దేంటి?" అంటూ పంచదార నీళ్లు కలిపి తెచ్చింది.

ఏ పీఠాధిపతీ నన్నింత చక్కటి ప్రశ్న అడగలేదు. కొన్ని చుక్కలు వేసి మరిగించాను. నీలం. ఇంకాసేపు మరిగించాను. అదే నీలం.

అత్త గోడ మీంచి పక్కింటావిడను కేకేసింది. "ఏవండోయ్, ఇటు రండి! మావాడి సైన్సు పంచదారలో పంచదారే లేదంటోందండీ!"

"అయితే నేనింకో కాఫీ తాగొచ్చండి" అంటూ ఆవిడా వచ్చేసింది.

సభ నిండింది. ఇక నా ఉపన్యాసం. ఆ మందు పట్టుకునేది తీపిని కాదు, ఆల్డిహైడును. కర్బనపు గొలుసు చివర ఒక ఆక్సిజన్‌ను రెండు చేతులా, ఒక హైడ్రోజన్‌ను ఒంటిచేత్తో పట్టుకున్న కర్బనమది. దాల్చినచెక్క ఘాటు, కాలేజీ ల్యాబులో కప్పల్ని కుళ్లనివ్వని ఫార్మలిన్, అన్నీ ఆ కుటుంబమే. దానికి ఆక్సిజన్ ఆశ ఎక్కువ. ఆమ్లంగా మారే తొందరలో, మందుకు నీలం ఇచ్చే రాగి రంగు మార్చేస్తుంది. నీలం పోయి ఎర్రటి మడ్డి దిగుతుంది. షుగరు రోగుల మూత్రంలో దిగే గ్లూకోజుకు ఆ కొస ఉంది. పంచదారలో గ్లూకోజు మరో చక్కెరతో ముడిపడి ఉంటుంది. ఆ ముడిలోనే ఆల్డిహైడు బందీ.

"దొరకనప్పుడల్లా దేవుడు దాక్కున్నాడని మేమంటే నవ్వుతావేంరా?" అంది అత్త.

మాటలతో పని కాలేదు. గట్టు మీద కాజాల గిన్నె ఉంది. పాకం గడ్డకట్టకుండా అత్త అందులో నిమ్మరసం పిండి మరిగిస్తుంది. ఆ పాకం చుక్కలు నీలి మందులో వేసి కాచాను. ఆకుపచ్చ, పసుపు, ఆ వెంటనే ఇటుక రంగు.

"నీ పంచదారే అత్తా. నిమ్మకాయ పులుపు ముడి విప్పింది."

"అయితే తప్పు నిమ్మకాయది. మానేస్తాలే."

"నీ పేగుల్లో రోజూ జరిగేది ఆ పనే. కాజా తిన్నా, అన్నం తిన్నా చివరికి తేలేది గ్లూకోజే."

అత్త వేలికున్న కట్టు వైపు చూసుకుంది. "అన్నం కూడానా?"

"అన్నం కూడా."

"మరి నన్నేం తినమంటావురా, నీ ఉపన్యాసాలా?"

"వాటిలో తీపి ఉండదత్తా."

"అందుకే ఎవరూ మింగట్లేదు" అంటూ లేచింది. అలమరలోంచి మాత్రల పొట్లం తీసి, ఒకటి నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. కాజాల గిన్నె పక్కింటావిడ చేతిలో పెట్టింది. నాకొక్కటీ మిగల్చలేదు.