ఆమె కోసం నేను అడిగింది

బంద్ రోజు మాదాపూర్ నాకు ఇప్పటికీ కలలో చూసినట్టే గుర్తొస్తుంది. క్యాబులు లేవు, హారన్లు లేవు. అద్దాల మేడల మీద మబ్బులు మెల్లగా నడిచి వెళ్ళేవి. రోడ్డు మధ్యలో ఒక కుక్క కాళ్ళు చాపుకుని పడుకునేది. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న ఆ రోజుల్లో నేను అక్కడే ఒక లేడీస్ హాస్టల్లో ఉండి, సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేసేదాన్ని. మాది కృష్ణా జిల్లా.

అప్పట్లో భయపడటమే నా అసలు ఉద్యోగం, జీతం మాత్రం కంపెనీ ఇచ్చేది. బంద్ రోజు ఆగిన పని ఆదివారం వచ్చి చెయ్యాలి, దాంతో చర్చిలో ఆరాధన పోయేది. టీవీలో ఎవరు గొంతు పెంచినా నన్నే ఊరు విడిచి పొమ్మంటున్నట్టు గుండె దడదడలాడేది. నెలల తరబడి కంటి మీద కునుకు లేదు. ఉద్యోగం మానేసి ఇంటికి వెళ్ళిపోదామని సంచి కూడా సర్దుకున్నాను.

నాలాగా ఆదివారాలు పోగొట్టుకున్నవాళ్ళు ఎక్కువయ్యారని మా పాస్టర్‌గారు బంద్ రోజుల్లో ఉపవాస ప్రార్థన పెట్టారు. మూతపడ్డ దుకాణాల పైన, రేకుల కప్పు కింద, ఒక పొడుగాటి గది. నేను వెళ్ళిన రోజు సన్నగా వాన. రేకుల మీద చినుకుల చప్పుడు, చాపల మీద తెల్లచీరలు, ఎక్కడినుంచో అన్నట్టు వినిపించే పాట. నీళ్ళ అడుగున కూర్చున్నట్టు ఉంది నాకు.

పాట అయ్యాక పాస్టర్‌గారి భార్య లేచారు. ఆవిణ్ణి మేమంతా అమ్మగారు అంటాం.

"ఇద్దరిద్దరుగా కూర్చోండమ్మా. మీ అవసరత పక్కనున్న వాళ్ళకి చెప్పండి. మీది వాళ్ళు ప్రార్థన చేస్తారు, వాళ్ళది మీరు చెయ్యాలి. ఎవరిది వాళ్ళు చేసుకోవద్దండి," అన్నారు.

నా పక్కన కూర్చున్నది మెదక్ నుంచి వచ్చిన ఒక నర్సు. అంతకుముందు చూశానే గాని మాట్లాడలేదు. ఆమె ఏమీ అనకపోయినా, ఆ యాస వింటేనే ముడుచుకుపోయేదాన్ని.

"నిద్ర పట్టట్లేదక్కా," అన్నాను. "ఇక్కణ్ణుంచి పొమ్మంటారేమోనని భయంగా ఉందండి."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. అలవాటు కొద్దీ వేళ్ళు నాడి మీదికి వెళ్ళాయి. "గింత జోరుగ కొట్టుకుంటున్నదేంది చెల్లె!" అంది. తర్వాత తన అవసరత చెప్పింది. "తెలంగాణ రావాలె. మా తమ్ముడు సదువు ఇడిచిపెట్టి ఉద్యమంల తిరుగుతుండు. తెలంగాణ రాకపోతె బతకనంటుండు. ఫోన్ గూడ ఎత్తుతలేడు."

దేనికి భయపడి సంచి సర్దుకున్నానో, దాన్నే దేవుణ్ణి నా నోటితో అడగాలి.

ముందు ఆమే మొదలుపెట్టింది. "ప్రభువా, గీ చెల్లెకు మస్తు పరేషాన్ ఉన్నది. జర నిద్ర ఇయ్యి. ఈమెను ఎవ్వలు పొమ్మనొద్దు. ఈడ్నే ఉండాలె, మా నడుమనే ఉండాలె." నాతో మాట్లాడినంత మామూలుగా మాట్లాడింది దేవుడితో. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

నా వంతు వచ్చింది. ఆ తమ్ముణ్ణి నేనెప్పుడూ చూడలేదు, అయినా తడిసిన చొక్కాతో ఎక్కడో రోడ్డు మీద నిలబడ్డట్టు కనిపించాడు.

"ప్రభువా," అన్నాను, "వాళ్ళ రాష్ట్రం వాళ్ళకివ్వు. ఆ బాబుని బతికించు. ఇంటికి పంపించు."

మాట బయటికి రాగానే గుండెల మీద బరువు దిగిపోయింది. దేవుడు మా వైపా, వాళ్ళ వైపా అని అన్నాళ్ళూ కొట్టుమిట్టాడాను. ఆయన మా ఇద్దరి మధ్య, ఆ చాప మీదే కూర్చున్నాడనిపించింది. ఇప్పటికీ నేను అదే నమ్ముతున్నాను.

ఆ తర్వాత ఎప్పుడు ఒరిగిపోయానో తెలీదు. కళ్ళు తెరిచేసరికి వాన వెలిసింది, మిగతా చాపలన్నీ చుట్టేశారు, నా తల ఆమె ఒడిలో ఉంది. సిగ్గేసి గబుక్కున లేవబోయాను.

"పండుకో, ఫికర్ లేదు," అంది.

"మీ తమ్ముడు?" అన్నాను.

"ఫోన్ చేసిండు. మంచిగనే ఉన్నడు, ఇయ్యాల్టికి గదే చాలు. నువ్వు లేస్తవని మెల్లగ మాట్లాడిన. గట్టిగ మాట్లాడక్కా, ఇనవడుతలేదని వాడొకటే లొల్లి."