మా అమ్మ పళ్ళ విడుదల తేదీ

మా బావ నోట నెలల పేర్లు నేనెప్పుడూ వినలేదు. అక్కతో పెళ్ళి ఎప్పుడైందని ఎవరైనా అడిగితే, ఫలానా సినిమా రిలీజుకి ముందు వారం అంటాడు. పాప ఎప్పుడు పుట్టిందంటే, ఫలానా సినిమా రెండోసారి వాయిదా పడ్డ మర్నాడు అంటాడు. బడిలో చేర్చేటప్పుడు పుట్టినతేదీ దగ్గర కూడా అదే రాయబోతే అక్క కాగితం లాక్కుంది.

దీన్ని సినిమా పిచ్చి అనుకునేరు. సినిమా పిచ్చి ఉన్నవాళ్ళని నేను చాలామందిని చూశాను, వాళ్ళు సినిమాలు చూస్తారు. మా బావకి చూడటం పెద్దగా పట్టదు. ఆయనకి కావలసింది సినిమా రావడం. మొదటి పోస్టరు పడ్డ రోజు నుంచి హాల్లో దీపాలు ఆరేదాకా ఆయన ముఖం వెలిగిపోతూ ఉంటుంది. తెర మీద బొమ్మ పడ్డ పావుగంటకే నీరుగారిపోయి, ఇంకేముంది, అయిపోయింది అంటాడు. ఇంటర్వెల్ తర్వాత నిద్రపోతాడు. బయటికొచ్చాక ఇంటిదాకా రాబోయే సినిమా గురించే మాట్లాడతాడు.

ఈ మనిషి పనిచేసేది పళ్ళ సెట్లు కట్టే ల్యాబులో. పళ్ళ డాక్టర్లు పంపిన కొలతల్లో ప్లాస్టరు పోసి, ఆ అచ్చుల మీద మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కో పన్నునీ వరసలో నిలబెడతాడు. కనుబొమ్మల్లో ఎప్పుడూ తెల్లపొడి ఉంటుంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మా చుట్టుపక్కల ముసలివాళ్ళలో సగంమంది నమిలేది మా బావ చేతి పళ్ళతోనే. చెప్పిన తేదీకి ఇస్తాడని పేరు. ముందూ ఇవ్వడు, వెనకా ఇవ్వడు. ఆ పేరే మా కొంప ముంచింది.

మా అమ్మ చివరి మూడు పళ్ళూ పీకించుకున్న ఏడాది ఆయన కళ్ళు నిచ్చెన సినిమా మీద ఉన్నాయి. దానికింకా పేరు పెట్టలేదు. పోస్టరులో ఉన్నదల్లా ఖాళీ పొలం, పొలం మధ్యలో నిటారుగా ఒక నిచ్చెన, దాని పక్కన మనకి వీపు చూపిస్తూ హీరో. నిచ్చెన దేనికీ ఆని లేదు. ఆనకుండా ఎలా నిలబడిందన్న ప్రశ్న మీద మా బావ నాలుగేళ్ళుగా బతుకుతున్నాడు. ఆ ఒక్క బొమ్మలోంచి కథంతా లాగాడు. హీరోకి తమ్ముడున్నాడని, ఆ తమ్ముడు మంచివాడు కాడని, రెండో సగంలో వాన పడుతుందని ఆయనకి తెలుసు.

మా అమ్మ సంగతి చెప్పాలి. ముప్ఫయ్యేళ్ళు బస్టాండులో అనౌన్సరుగా పనిచేసింది. ఆవిడ గొంతు వినబడగానే చేతిలో టీ గ్లాసు వదిలేసి పరిగెత్తినవాళ్ళు ఇప్పటికీ దారిలో పలకరిస్తారు. పళ్ళు పోయాక ఆ గొంతులో మాటలు జారిపోవడం మొదలైంది. మొదట్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడింది. తర్వాత మాటలు తగ్గించింది. చివరికి ఫోను మోగితే నావైపు తోసేసేది. అంత గొంతున్న మనిషి తలూపి సరిపెట్టుకుంటుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది.

చిగుళ్ళు మానాక కొలత బావే తీశాడు. ఎప్పటికిస్తారని అమ్మ అడిగింది.

"మూడు నెలల్లో నిచ్చెన సినిమా వచ్చేస్తోంది అత్తయ్యా. శుక్రవారం రిలీజు. ముందురోజు గురువారం మీ పళ్ళు మీ నోట్లో ఉంటాయి."

అమ్మ సంతోషించింది. మూడు నెలలంటే ఎంతలోకి వస్తాయి. ఆ తేదీకి బావ అప్పటికే వాళ్ళింటి ముందుగదికి రంగులు, పాపకి సైకిలు, తనకి కొత్త కళ్ళజోడు తగిలించి ఉంచాడని మాకు తెలియదు. మంచివన్నీ ఒక్కరోజే జరిగితే ఎదురుచూపు రుచిగా ఉంటుందట.

సినిమా వాయిదా పడింది. గ్రాఫిక్సు పని మిగిలిందన్నారు. పళ్ళూ వాయిదా పడ్డాయి. రెండోసారి హీరో మోకాలు బాగాలేదన్నారు. మా అమ్మ పళ్ళకీ ఎవరో హీరో మోకాలికీ సంబంధమేమిటని నేను తల బాదుకున్నాను. పళ్ళు అప్పటికే తయారై, ల్యాబులో బావ సొరుగులో, నీళ్ళు పోసిన డబ్బాలో ఉన్నాయి. వాయిదా పడ్డప్పుడల్లా వాటిని బయటికి తీసి ఇంకోసారి మెరుగుపెట్టి మళ్ళీ నీళ్ళలో వేసేవాడు.

మూడో వాయిదాకి నాకు ఒళ్ళు మండి ల్యాబుకి వెళ్ళాను. గూళ్ళ నిండా ప్లాస్టరు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఒకదాని కింద "అత్తయ్య" అని చీటీ అంటించి ఉంది. ఆ పళ్ళు ఇలా ఇవ్వు బావా, తీసుకెళ్తాను అన్నాను. ఆయన నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. చెప్పిన తేదీ కాకుండా ఇస్తే ఇన్నాళ్ళ పేరేం కావాలని అడిగాడు. తర్వాత తమ్ముడు నిచ్చెన ఎందుకు దొంగిలించాడో చెప్పడం మొదలుపెట్టాడు. గంట తర్వాత ఇంటికొచ్చాను. గుమ్మంలో అమ్మ నా చేతులకేసి చూసినప్పుడు గానీ పళ్ళ సంగతి గుర్తురాలేదు. అప్పటిదాకా నేను కూడా నిచ్చెన గురించే ఆలోచిస్తున్నాను.

వేరే చోట కట్టించుకుందాం రమ్మంటే అమ్మ వినలేదు. అల్లుడు మాటిచ్చాక బయట కట్టించుకుంటే ఆయనకి తలవంపులని పట్టుబట్టింది. ఊరికే కూర్చుందా అంటే అదీ లేదు. పుట్టి బుద్ధెరిగాక సినిమాహాలు గడప తొక్కని మనిషి, పేపర్లో సినిమా పేజీ భూతద్దం పెట్టి చదవడం మొదలుపెట్టింది. డబ్బింగ్ అయిందా, సెన్సారుకి వెళ్ళిందా అని కాగితం మీద రాసి నాకు చూపించేది. శుక్రవారాలు హాళ్ళలోకి కొత్తగా ఏయే సినిమాలు వచ్చాయో వరసగా రాసిపెట్టేది. ఐదోసారి కారణం చెప్పకుండా వాయిదా వేసినప్పుడు మాత్రం చెయ్యి అడ్డం పెట్టుకుని నోరు విప్పింది. కారణం చెప్పలేదంటే బండి ఇంకా డిపోలోనే ఉన్నట్టు, నా సర్వీసులో ఎన్ని చూశాను అంది.

ఆవిడ మాటే నిజమైంది. కొలత తీసిన పద్నాలుగో నెలలో పేపర్లో ఓ మూల రెండు లైన్లు వేశారు. నిచ్చెన సినిమా ఆపేశారు. అసలు షూటింగే మొదలవలేదట. పోస్టరు ఒక్కటే తీశారట.

బావ ఆరోజు పనికి వెళ్ళి, ఓ పెద్దమనిషి సెట్టుకి దవడపళ్ళు ముందు, ముందుపళ్ళు వెనక నిలబెట్టాడు. ల్యాబు యజమాని చూసి భయపడి ఇంటికి పంపించేశాడు. రెండురోజులు ముందుగదిలో గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆ గదిలో నాలుగు రంగులు నాలుగు చేతులంత మేర పూసి వదిలేసి ఏడాది దాటింది. అన్నం కూడా వద్దంటున్నారని అక్క ఫోన్లో ఏడ్చింది. నాకు జాలి వేయలేదు. ఇప్పుడు ఏ తేదీకీ కాకుండా పోయిన మా అమ్మ పళ్ళ గతేమిటని మాత్రం అడగాలనిపించింది.

అమ్మ చీర మార్చుకుని నన్ను తీసుకుని బయల్దేరింది. బావ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆయన ముందు ఎన్నడూ తీయని చెయ్యి నోటి మీద నుంచి తీసేసింది.

"అల్లుడుగారూ, బండి రాకపోతే మేం బస్టాండు మూసుకుని కూర్చునేవాళ్ళం కాదు. వేరే బండి వేసేవాళ్ళం. కథంతా మీ దగ్గరుంది కదా. శుక్రవారం పొద్దున పదకొండింటికి మా ఇంట్లో మీరే వేసెయ్యండి ఆ సినిమా."

మాటలు ముద్దముద్దగా వచ్చాయి గానీ అందరికీ అర్థమయ్యాయి. బావ గోడ మీద నుంచి చూపు తిప్పాడు. ముందురోజు గురువారమే కదా అని అడిగాడు. అవునంది అమ్మ. ఆయన లేచి అన్నం పెట్టమన్నాడు.

గురువారం సాయంత్రం కొత్త డబ్బాలో పళ్ళు పట్టుకొచ్చాడు. చేతులు కడుక్కుని, పైదీ కిందదీ తనే పెట్టి, ఎలా ఉన్నాయి అత్తయ్యా అని అడిగాడు. బాగున్నాయంది అమ్మ, పళ్ళు బిగబట్టి. సరిగ్గా కూర్చున్నాయో లేదో నోరు తెరిపించి చూడనైనా లేదు ఆయన. ఎక్కడివాళ్ళు అక్కడ కూర్చోవడానికి కుర్చీలకి నంబర్లు అంటించడంలో పడ్డాడు. ఇరవయ్యేళ్ళుగా పళ్ళు కడుతున్నవాడు చేయవలసిన పొరపాటు కాదది.

శుక్రవారం పదకొండింటికి అక్క, పాప, ల్యాబు యజమాని, పక్కింటి దంపతులు, నేను నంబర్ల ప్రకారం కూర్చున్నాం. పాప మా టిక్కెట్లు చింపి సగం వెనక్కిచ్చింది. కిటికీ తెరలు మూశాం. బావ పోస్టరు గోడకి అంటించి పక్కన నిలబడ్డాడు. ముఖం వెలిగిపోతోంది. మొదలుపెట్టే ముందు అత్తయ్య అనౌన్స్ చెయ్యాలన్నాడు.

అమ్మ లేచింది. కొంగు సర్దుకుంది. పద్నాలుగు నెలల తర్వాత ఆ గొంతు వినబోతున్నాను.

"ప్రేక్షకులకు విజ్ఞప్తి. పదకొండు గంటలకు రావలసిన..."

అంతవరకే వచ్చింది. పైసెట్టు ఊడి, గడ్డానికి తగిలి, నేల మీద పడి, జారుకుంటూ వెళ్ళి ఒకటో నంబరు కుర్చీ కింద ఆగింది.

నవ్వాను. ఒప్పుకోవాలి, మొదట నవ్వింది నేనే. పక్కింటాయన కూడా నవ్వాడు. అమ్మ చెయ్యి మళ్ళీ నోటి మీదికి వెళ్ళిపోయింది. అది చూశాక నవ్వినందుకు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

బావ వంగి కుర్చీ కింద నుంచి సెట్టు తీశాడు. తిప్పి చూశాడు. దాన్ని జేబులో పెట్టుకుని, కిటికీ తెర పక్కకి లాగి, అమ్మని వెలుతురులోకి తీసుకెళ్ళాడు. చెయ్యి మెల్లగా తొలగించి, బొటనవేలితో పైపెదవి ఎత్తి చిగుళ్ళు చూశాడు. చాలాసేపు చూశాడు.

"చిగుళ్ళు తగ్గిపోయాయి అత్తయ్యా. కొలత పాతబడిపోయింది. నిన్న పెట్టినప్పుడే వదులుగా ఉండుంటాయి."

అమ్మ తలూపింది.

"మరి బాగున్నాయన్నారేం?"

"చెబితే మీ సినిమా ఆగిపోతుంది కదా బాబూ."

 బావ ముఖంలో వెలుగు పోయింది గానీ నీరుగారిపోలేదు. అది నేనెప్పుడూ చూడని ముఖం. ఇంటికి పరిగెత్తి కొలతలు తీసే సంచీ తెచ్చుకున్నాడు. వంటింట్లో బల్ల దగ్గర అమ్మని కూర్చోబెట్టి, గిన్నెలో గులాబీరంగు ముద్ద కలపడం మొదలుపెట్టాడు. నంబరు కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకి ఏం చేయాలో తెలియలేదు. పక్కింటావిడ వంటింటి గుమ్మం దాకా వచ్చి, అయితే ఆ నిచ్చెన సంగతేమిటండీ అని అడిగింది.

"సినిమా వాయిదా పడిందండీ," అన్నాడు బావ, ముద్ద కలుపుతూనే. కారణం చెప్పలేదు.

ముద్ద గట్టిపడేదాకా అమ్మ తల తన పొట్టకి ఆనించి పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. నోటి నిండా ముద్దతో అమ్మ కళ్ళు మాత్రం ఆయనకేసి తిరిగి ఉన్నాయి. అచ్చు బయటికి తీశాక ఆవిడ మూతి తుడుచుకుని, అలవాటు కొద్దీ, ఏ సినిమాకి ఇస్తారని అడిగింది.

"మంగళవారం ఇస్తాను."

"ఏ సినిమాకి ముందు మంగళవారం?"

"దేనికీ ముందు కాదు అత్తయ్యా. ఈ మంగళవారమే."

అమ్మ శని, ఆది, సోమ అని వేళ్ళు ముడుచుకుంది. మంగళవారం ఏ సినిమా రిలీజవదని పద్నాలుగు నెలలు పేపరు చదివిన ఆవిడకి తెలుసు. అందుకే ఆ తేదీని నమ్మింది.