కవలై తాళ్ళతో కట్టిన ఇంజను

మొన్న విరుదునగర్ రోడ్డులో బస్సు కోసం నిలబడి ఉంటే, టీ కొట్టు ముందు పొడవాటి ట్రైలర్ లారీ ఒకటి వచ్చి ఆగింది. దాని మీద ఇల్లంత యంత్రం, నాలుగు మూలలా ఇనుప గొలుసులు. డ్రైవరు దిగి, టీ అడగక ముందే చుట్టూ తిరిగి ఒక్కో గొలుసునూ పట్టి లాగి చూశాడు. నాకు తెలియకుండానే నా చెయ్యీ ముందుకు లేచింది, పక్కనున్న మనవరాలు నవ్వింది. అరవై దాటాక ఆ పిల్ల పలక మీదే నేను అక్షరాలు దిద్దుకున్నాను కనుక, ఆ చెయ్యి ఎందుకు లేచిందో ఇవాళ నేనే రాసి చెప్పగలను.

పంతొమ్మిది వందల ముప్ఫైల మొదట్లో కోవిల్‌పట్టి పక్క పల్లెకు కోడలిగా వచ్చాను. పుట్టింట్లో మాకు తాళ్ళు పేనడమే బతుకు. తాటి నారైనా కొబ్బరి పీచైనా, ఎంత తడికి ఎంత బిగుస్తుందో, ఎంత ఎండకు ఎంత వదులవుతుందో నా అరచేతికి తెలుసు. అత్తవారిది నల్లరేగడి సేద్యం, దానికి తోడు రెండు జతల ఎద్దుల్ని పూన్చే పెద్ద బండి. పత్తి మిల్లులు ఊరూరా లేస్తున్న ఆ కాలం మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. రైల్లో దిగిన యంత్రాలు లోపలి ఊళ్ళకు చేరాలంటే బండ్లే దిక్కు.

ఆ ఏడు కోవిల్‌పట్టి స్టేషనులో దిగిన ఆయిల్ ఇంజనును నాగలాపురం చేర్చే పని మా మామకు వచ్చింది. ఇనుము చెక్క మీద జారకుండా పాత గోనెలు పరిచి, ముందూ వెనకా దుంగలు అడ్డం కొట్టారు. కట్టడానికి మాత్రం, అన్నిటికన్నా లావైనవని, ఎద్దులతో బావిలో నీళ్ళు తోడే కవలై మోట తాళ్ళను తడితడిగా విప్పి తెచ్చి బిగించారు. మీటితే మోగాయి. ఎప్పుడూ నీళ్ళలో నానే ఆ తాళ్ళు ఒక పూట ఎండలో ఉంటే ఏమవుతాయో వాళ్ళెవరూ చూసి ఉండలేదు. ఎండితే వదులవుతాయని నేను మెల్లగా అంటే, పుట్టింటి తాళ్ళు కొనలేదని వొదిన అలిగిందని మరిది ఎగతాళి చేశాడు, అందరూ నవ్వారు. కొత్త కోడల్ని, నోరు మూసుకున్నాను. అయినా నాగలాపురంలో పెద్దమ్మను చూడాలనే సాకుతో బండి వెంట నడిచాను.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి వాగులోకి దిగే వాలు ఎదురైంది. మా ఇంటాయన ముందు కూర్చుని ఎద్దుల్ని తోలుతున్నారు, ఆయన వీపుకు రెండు మూరల వెనక అంత ఇనుము. బండి ముందుకు వాలితే అది ఎవరి మీదికి వస్తుందో చెప్పక్కర్లేదు. తాళ్ళు ఎండి తెల్లబడ్డాయి. అంతవరకు మామ ఎదుట గొంతెత్తని దాన్ని, పరిగెత్తి ఎద్దులకు అడ్డం నిలబడ్డాను.

"మామా, తాడు కింద వేలు పెట్టి చూడండి."

ఆయన కోపంగానే వచ్చి పెట్టారు. వేలు కాదు, చెయ్యి మొత్తం దూరింది. పొద్దున ఎగతాళి చేసిన మరిదే ముందుకొచ్చి, "ఇప్పుడేం చేసేది వొదినా?" అన్నాడు.

జంట తాళ్ళ నడుమ కర్ర దూర్పించి, మెలి తిప్పించి, కర్ర కొసను కదలకుండా కట్టించాను. ఆ తర్వాత ఎద్దులు ఆగిన చోటల్లా మళ్ళీ ఒక మెలి. ఇంజను గీత పడకుండా చేరింది.

అప్పట్నించి బండి కదిలే ముందు మామ ఒకటే అడిగేవారు, "కోడలు చెయ్యి పెట్టిందా?" అని. విరుదునగర్‌ను ఇంకా విరుదుపట్టి అనే వర్తకులు కూడా బరువైన సామాను దిగితే మా బండికే కబురు పెట్టేవారు, వేలిముద్ర తప్ప మరేమీ ఎరగని నా చెయ్యి తాళ్ళను తాకేదాకా కాచుకుని నిలబడేవారు.

ఇప్పుడు బావుల్లో మోటార్లు దిగాయి, కవలై లేదు, ఆ బండీ లేదు. ఇనుప గొలుసు ఎండకు వదులు కాదు, లారీ డ్రైవరుకు నా చెయ్యితో పనిలేదు, అదీ మంచిదే. మా ఇంటాయన నిండుగా బతికి మంచంలోనే కన్నుమూశారు. ఆ వాగు మీద ఇవాళ వంతెన ఉంది, బస్సు రెప్పపాటులో దాటేస్తుంది. దాటేటప్పుడు నేను మాత్రం ముందు సీటు కడ్డీని పట్టి, ఒకసారి గట్టిగా లాగి చూస్తాను.