కొండను అడిగి దాటే వాగు

వాన వెలిసిన పొద్దున కుళాయి తిప్పితే ముందుగా వచ్చే నీళ్లలో తుప్పు వాసన ఉంటుంది. ఇంట్లోవాళ్లకు అది పైపుల వాసన, నాకు మాత్రం బీజాపూర్ అవతలి మా వాగు వాసన, ముక్కుకు తగిలితే ఇప్పటికీ ఒక అడుగు వెనక్కి వేస్తాను.

ఆ వాగు ఇనుప గని కొండ మీద పుట్టి, మా చేల పక్కగా పారి ఇంద్రావతిలో కలిసి, దానితోపాటే గోదావరికి చేరేది. రాయి కడిగిన బురదనీళ్లు నిలపడానికి గనివాళ్లు కొండ మీద చెరువు కట్టారని, దానికి అడుగే లేదని, తెగితే ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోతాయని పెద్దలు గొంతు తగ్గించి చెప్పుకునేవారు. దాన్ని చూసినవాళ్లు మా ఊళ్లో ఒక్కరూ లేరు. అయినా పిల్లలం ఇసుకలో గుంట తవ్వి, నీళ్లు నింపి, కట్ట తన్ని చీమల ఊళ్లు ముంచే ఆట ఆడుకుని, రాత్రుళ్లు దాన్నే కలగని ఉలిక్కిపడేవాళ్లం.

వాగు దాటాలంటే ఎవరైనా మా నాయనమ్మను అడగాల్సిందే. ఆమె కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని కొండను చూసి, మబ్బుంటే వద్దనేది, తేటగా ఉంటే పొమ్మనేది. ఫారెస్టు గార్డు కూడా ఆ మాట జవదాటేవాడు కాదు.

కొత్తల పండుగ ముందు, ఇంటింటా కొత్త వడ్లు దంచుతున్న రోజుల్లో, అమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని అవతలి గట్టు సంతకు బయలుదేరింది.

"అత్తా, కొండ ఎట్లుంది?"

"తేటగుంది బిడ్డా. నిమ్మళంగ పో."

అమ్మ నడివాగులో ఉండగా పైనుంచి హోరు వినిపించింది. ఆకాశంలో చినుకు లేదు. మలుపు తిరిగి చిక్కటి ఎర్రనీళ్లు చెట్ల కొమ్మలతో సహా మీదికొచ్చాయి. "ఉరుకు బిడ్డో!" అని నా పక్కనే నాయనమ్మ గట్టు మీద గుండెలు బాదుకుంది. అమ్మ మెడలోతు నీళ్లలో తమ్ముణ్ణి నెత్తికెత్తుకుంది. వెనకే సంతకు వస్తున్న ఆడవాళ్లు చీర విసిరి ఇద్దరినీ మా గట్టుకు లాగారు. ఒళ్లంతా బురదతో కదలకుండా పడున్న తమ్ముడు చాలాసేపటికి ఏడుపు అందుకున్నాడు. కొండ మీది చెరువు నిండడంతో గనివాళ్లు తూము ఎత్తారని సాయంత్రానికి తెలిసింది.

ఆ రాత్రి అమ్మ నాయనమ్మకు ఎప్పటిలాగే అన్నం వడ్డించింది. నాయనమ్మ ఆ అన్నం ముందు కూర్చుని, "కొండ ఎన్నడు అబద్ధమాడలే బిడ్డా" అంటూ ఏడ్చింది. ఆ తర్వాత వాగు దాటడానికి ఆమెను ఎవరూ అడగలేదు.

నాయనమ్మ పోయింది, వాగులో చేపలూ పోయాయి, వంతెన వచ్చింది. తమ్ముడు బండి మీద పాట పాడుకుంటూ దాటేస్తాడు. నేను మబ్బు పట్టిన రోజు నిబ్బరంగానే నడిచిపోతాను. కొండ తేటగా ఉన్న రోజు మాత్రం వంతెన మొదట్లోనే ఆగి, చెవులు రిక్కించి నిలబడతాను.