బంతి పట్టుకునే మనిషి

2011. పోర్ట్ బ్లెయిర్ శివార్లలో, డాలీగంజ్ దగ్గర ఒక చిన్న క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. పొద్దుటినుంచీ వంగి వంగి జనం నడుములు సరిచేస్తే సాయంత్రానికి నా నడుమే పట్టేసేది. ఆ వేళకి ఎవరైనా వచ్చి "కమర్ నొప్పి దీదీ" అంటే, రోలొచ్చి మద్దెలతో మొరపెట్టుకున్నట్టే ఉండేది.

అలా వచ్చింది అప్పలనర్సమ్మ. వాళ్లది శ్రీకాకుళం వైపునుంచి వచ్చి స్థిరపడిన జాలరి కుటుంబం. ఆమె పొద్దున మార్కెట్లో కూర్చుని, తర్వాత గంప నెత్తిన పెట్టుకుని ఆస్టినాబాద్ వీధుల్లో చేపలమ్ముతుంది. ఆమెకి లంబార్ స్ట్రెయిన్, అంటే నడుం కండరాలు సాగి దెబ్బతిన్నాయి. ఎలా జరిగిందని అడిగాను.

"గంపెత్తినప్పుడు మా తోటికోడలు ఎర్రమ్మ ఒక పక్క పట్టేది దీదీ. మార్కెట్లో కూకునే జాగా కాడ గొడవైంది. మాటల్లేవు. ఇప్పుడు నేలమీంచి నానే ఎత్తుకుంతన్నాను."

"ఇంకోసారి అలా ఎత్తావంటే మంచం దిగలేవు."

"నాను పడుకుంటే పిల్లల నోట్లోకి ముద్దెలాగెల్తాది?"

కొన్ని రోజులు చికిత్స చేశాను. నొప్పి కాస్త తగ్గాక ఎక్సర్‌సైజ్ బాల్ తీశాను. అది మోకాలెత్తు గాలి బంతి. వెల్లకిలా పడుకుని, మడమలు దానిమీద ఆనించి నడుం పైకి లేపాలి. దీన్ని బ్రిడ్జింగ్ అంటాం. కొత్తలో బంతి దొర్లిపోకుండా ఎవరో ఒకరు పట్టుకోవాలి. రోజూ ఇంట్లో చేసేటప్పుడు పట్టుకోవడానికెవరున్నారు? భర్త వేటకెళ్తాడు. పగలు పక్కవాటాలో ఉండేది ఎర్రమ్మ ఒక్కతే.

"దాన్నడగను. నడుం ఇరిగినా సరే."

నాకు ఒళ్లు మండింది. బతిమాలే ఓపిక లేక ఎర్రమ్మని నేనే పిలిపించాను. "మాట్లాడక్కర్లేదు. బంతి పట్టుకో, చాలు" అన్నాను.

"మాటాడమంటే రాను. బంతంటే పట్టుకుంతాను" అంది, గోడకేసి చూస్తూ.

పట్టింది. వారాల తరబడి, ఉలుకూ పలుకూ లేకుండా. అప్పలనర్సమ్మ నడుం గట్టిపడింది. అయినా ఆ గంప ఒంటరిగా ఎత్తే నడుం ఏ వ్యాయామమూ ఇవ్వదని నాకు తెలుసు. చికిత్స ముగించి పంపేశానే గాని నిశ్చింతగా లేను.

కొన్నాళ్లకి చేపలకోసం మార్కెట్‌కి వెళ్లాను. అప్పలనర్సమ్మ గంప ముందు వంగింది. ఆపడానికి అడుగేశాను. ఇంతలో ఎర్రమ్మ వచ్చి రెండో అంచు పట్టింది. గంప నెత్తికెక్కింది. ఎర్రమ్మ మొహం తిప్పుకుని వెళ్లిపోయింది.

"మాటలు కలిశాయా?" అన్నాను.

"దాంతో నాకు మాటలేటి దీదీ!"

అన్నాళ్ల విసుగులోనూ నవ్వొచ్చింది. ఇప్పుడు ఏ నడుం వచ్చినా నొప్పెక్కడో తర్వాత అడుగుతాను. ముందు, బరువుకి రెండో పక్క ఎవరు పట్టుకుంటారో అడుగుతాను. ఎక్కువమంది "ఎవరూ లేరు దీదీ" అంటారు.