అడిగి రాయించుకున్న కృతజ్ఞత

2022 చలికాలం. పెనుకొండలో ఒక బడి ప్రహరీ మీద బొమ్మలు వేసే పని వచ్చింది. ఖర్చు ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఒకాయనది. హిందూపురంలో అంగళ్ల బోర్డులు రాసుకునే నాకు నలభై అడుగుల గోడ దొరకడం అదే మొదలు. దాని కింద నా పేరు పడితే చాలనుకున్నాను.

గోడకు ముందు ప్రైమర్ కొట్టాలి. రంగు పట్టడానికి వేసే తొలిపూత అది. తడి తగిలితే పొక్కులు లేస్తుంది. గోడ వెనకే నీళ్లతొట్టి, రోజూ పొంగేది. అయినా ఒక్క పొక్కు రాలేదంటే నా చేతిచలువే అనుకున్నాను. ఒకరోజు పెందలాడే వెళ్తే, బడిలో వంట చేసే ఓబులక్క పారతో కాలువ తీసి ఆ నీళ్లు పక్కకు మళ్లిస్తోంది. చూసి, తల ఊపి, నా పనిలో పడ్డాను.

ఆఖరి రోజు వ్యాపారి మేనేజరు వచ్చాడు.

"ఏమబ్బా, ఇంత పెద్ద గోడ ఎవురిచ్చినారు నీకు? 'ఈ అవకాశం ఇచ్చిన సేటుగారికి కళాకారుడి కృతజ్ఞతలు' అని కింద రాయి. అడుగు ఎత్తు అక్షరాలు."

"నాలుగంగుళాలు చాలు సార్."

"ఎనిమిది."

ఆరుకు తెగింది. కిరాణా అంగట్లో పుట్టినవాణ్ణి. బేరం మొదలైతే వస్తువేమిటో చూడను, తగ్గిందా లేదా అన్నదే చూస్తాను. సగానికి సగం కొట్టేశానని మురిసిపోతూ నా చేత్తోనే రాశాను.

ఓబులక్క వచ్చి కూడబలుక్కుంటూ చదివింది. "అక్షరాలు తగ్గించినావు సరేప్పా, నీ పేరు యాడుండాది?"

"కళాకారుడు అని ఉండాది కదక్కా."

"కళాకారుడంటే ఎవురని? మా వంటింట్లో గరిటె మీద గూడా ఇచ్చినోళ్ల పేరుండాది. నీకే ల్యాకపాయె."

ఒళ్లు మండింది. పదహారు రోజులు మెడ ఎత్తి బొమ్మలు వేసింది నేను. దణ్ణం పెట్టాల్సిందీ నేనే, అదీ నా కుంచెతోనే. ఈ లెక్కన 'నేయనిచ్చినందుకు రుణపడి ఉంటాను' అని మగ్గం మనిషి చేత చీర అంచు మీద నేయిస్తారా? నేయించినా నేయిస్తారు. అంతకన్నా మంట, దానికి బేరమాడి గెలిచాననుకున్న నా తెలివి మీద.

తెల్లరంగు తీసుకుని ఆ వరస చెరిపేశాను. అక్కడే నా పేరు రాశాను.

"ఇంగ ధర్మవరంలో నీకు గోడ దొరకదు పో," అన్నాడు మేనేజరు. దొరకలేదు కూడా.

సామాను సర్దుకుని వంటింటి దగ్గరికి వెళ్లాను. "అక్కా, నువ్వు నీళ్లు మళ్లించకపోతే ఈ బొమ్మ నిలిచేది కాదు. ఆ పొద్దే చెప్పాల్సింది."

"ఇప్పుడన్నా చెప్పినావులే. కూచో, రెండు ముద్దలు తిని పో."

అప్పటినుంచి ఏ గోడ దగ్గరైనా నా పని నిలబెట్టినవాళ్లు ఎవరో వెతికి, వాళ్ల ఎదురుగా నిలబడి చెబుతున్నాను. చెప్పి తీరాలని పట్టుబట్టేవాళ్లకు మాత్రం ఒక్క అంగుళం కూడా రాయను.