ఎడమవైపు బరువు

వేగంగా పోతున్నప్పుడు బుల్లెట్టు బండంత బుద్ధిమంతురాలు లేదు. దాని అసలు గుణం నెమ్మదిగా పోయేటప్పుడే బయటపడుతుంది. ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా నాకు ఏ బాధా ఉండదు. ఆదోని పత్తి మార్కెట్టు దగ్గర ట్రాక్టర్ల వెనక ఇరుక్కున్నాకే నా నరకం మొదలవుతుంది.

క్లచ్ సగం పట్టాలి. వెనక బ్రేకు మీద కాలు ఆనించి ఉంచాలి. హ్యాండిలు తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు ముట్టుకోకూడదు. ఇవన్నీ తెలుసు, తెలిసి ఏం లాభం? కుడికాలు బ్రేకు మీద ఉంటుంది కాబట్టి, ఆగితే నేలకు ఆనించాల్సింది ఎడమకాలు. నాకు అరిగిపోయింది ఆ మోకాలే. దానికి తోడు నా భార్య రెండు కాళ్లూ ఎడమవైపుకే వేసి కూర్చుంటుంది. బరువంతా అటే.

నెలనెలా ఆమెను ఆదోనిలో ఎముకల డాక్టరుకు చూపించాలి. బస్సెక్కితే ఆమెకు వాంతులు. ఎముకలు గుల్లబారాయి, ఒక్కసారి పడితే ఇక మంచమే అని డాక్టరు అన్న రోజు నుంచి, మార్కెట్టు కనబడగానే హ్యాండిలు ఇంకా బిగించి పట్టుకుంటాను. భయపడీ భయపడీ అలిసిపోయాను.

"రెండు పక్కలా కాళ్లేసి కూచోమంటే ఇనవు గదా!" అని ప్రతిసారీ అరిచేవాణ్ని.

"ఈ వయసులోనా? నాకు సిగ్గప్పా" అనేది.

మనవళ్లొచ్చాక ఇంకేం సిగ్గని పళ్లు నూరుకునేవాణ్ని.

పోయిన నెల జరగనే జరిగింది. ముందున్న ట్రాక్టరు ఉన్నట్టుండి ఆగింది. బండిని పక్కకు తిప్పుతూ, చేయకూడదని తెలిసిన పనే చేశాను, ముందు బ్రేకు నొక్కాను. బండి ఎడమకు ఒరిగింది. కాలు ఆనిస్తే మోకాలు మడత పడింది. బండీ నేనూ కింద పడ్డాం.

ఆమె ఏమైందోనని తల తిప్పి చూస్తే రెండడుగుల అవతల నిలబడి ఉంది. బండి ఒరుగుతుండగానే దిగేసిందట. ఇద్దరు హమాలీలు పరుగెత్తుకొచ్చి ముందు బండిని, తర్వాత నన్ను లేపారు.

"ఇంత బరువు బండి నీకెందుకన్నా?" అన్నాడు ఒకడు.

ఆ మంటంతా ఆమె మీద చూపించాను. "సూసినావా? నీ సిగ్గుతో ఈ పొద్దు ఇద్దరం సచ్చింటిమి!"

ఆమె వంగి నా మోకాలు తడిమి చూసింది. "సిగ్గూ లేదు, ఏమీ లేదు. నీ కాలు నిలబడదని నాకు ఎప్పుడో తెలుసు. దిగేదానికి అనువుగా ఉంటాదని ఇట్ల కూచుంటాండా. ఆ మాట సెప్తే నువ్వు ఇంగ బండి తీస్తావాప్పా?"

పడేస్తానని తెలిసే ఆమె ఇన్నాళ్లూ నా వెనక కూర్చుంది. బండి స్టార్టు చేసి "ఎక్కు" అన్నాను.

ఎక్కింది.